వరసకి నలభై అయిదు

మూడు అయిదులు. ఒకే అడ్డ వరసలో మూడు అయిదులు ఉన్నాయి, అమ్మ వాటిని ఎంత పొందికగా రాసిందంటే, అచ్చు వేసినట్టు, పైన చిన్న గీత, కింద గుండ్రటి పొట్ట, నేను ముందు ఆ అంకెల అందమే చూశాను, తరవాతే లెక్కపెట్టాను. ఎనిమిది, అయిదు, రెండు, అయిదు, తొమ్మిది, ఒకటి, ఏడు, అయిదు, మూడు. పత్రిక నా ఒళ్ళో ఉంది, అమ్మ లోపల ఉంది, తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది, అంటే పరీక్ష జరుగుతోంది, తట్టకూడదు. గంట పడుతుందని పరీక్ష పెట్టే అమ్మాయి ముందే చెప్పింది. లోపలికి వెళ్ళబోతూ అమ్మ పత్రిక మడిచి నా చేతికిచ్చి, "అయిపోయింది, పంపేశాను కూడా, సరి అని వచ్చింది" అంది. నిజమే, నా ఫోనులోనూ మోగింది, ఆకుపచ్చ అక్షరాల్లో, సరి. ఆ ప్రోగ్రాము రాసింది నేనే. దాదాపు రెండేళ్ళుగా అది రోజూ పొద్దున్నే అమ్మకీ నాకూ ఆ ఒక్క మాట పంపుతోంది, నేను పళ్ళు తోముకుంటూ ఆ మాట చూసి, అమ్మ లేచింది, బాగుంది అనుకుని నా పనిలో పడిపోతున్నాను. సుడోకు అంటే ఏముంది, ఎనభై ఒక్క గళ్ళు, ప్రతి అడ్డ వరసలోనూ ప్రతి నిలువు వరసలోనూ ప్రతి చిన్న చదరంలోనూ ఒకటి నుంచి తొమ్మిది దాకా ఒక్కో అంకె ఒక్కసారే రావాలి, చిన్నపిల్లలకైనా తెలిసిన నియమం. మూడు అయిదులు ఎలా సరి అవుతాయి? రెండో వరసలో రెండు ఆరులు. నాలుగో వరసలో తొమ్మిది లేనే లేదు.

నిజానికి మేం ఇక్కడికొచ్చింది దుఃఖానికి మందు కోసం. నాన్న పోయి మూడు నెలలయింది, అప్పటి నుంచి అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టి మరిచిపోతోంది, కూరగాయల కొట్టు నుంచి తిరిగి వస్తూ మా వీధి దాటి రెండు వీధులు ముందుకెళ్ళి ఎవరి మెట్ల మీదో కూర్చుంది. అందరం ఒకే మాట అనుకున్నాం, నలభై ఏళ్ళు కలిసి బతికిన మనిషి పోతే మతి స్థిమితంగా ఉంటుందా అని. చాలా తేలికగా అనుకున్నాం. పొద్దున డాక్టరుగారు అమ్మని పరీక్షకి పంపిస్తూ నన్ను ఆపి, "ఇది ఎప్పుడు మొదలైందో బాగా ఆలోచించి పెట్టుకోండి. పరీక్ష అయ్యాక నేనడిగే మొదటి ప్రశ్న అదే. దాన్నిబట్టే జబ్బేమిటన్నది తేలుతుంది" అన్నారు. దానికి ఆలోచన ఎందుకు, మూడు నెలలు, నాన్న పోయినప్పటి నుంచి అని నాలిక చివర ఉన్న జవాబు చెప్పబోయి, ఎందుకో మర్యాదగా తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ జవాబు నాలిక చివర లేదు.

ల్యాప్‌టాప్ తీశాను. కుర్చీలన్నీ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉన్నాయి, అటు చివర ఎవరో కూర్చుంటే ఇటు చివర నేను కదులుతున్నాను, టైపు చేస్తుంటే అంకెలు తప్పు పడుతున్నాయి. ఆ పాత ఫైలు తెరవడానికి నాకు భయమేసింది, ఎందుకంటే తెరవకముందే గుర్తొచ్చేసింది. అదొక ఆదివారం, అమ్మ పక్కనే సోఫాలో కూర్చుని ఇరవై నిమిషాల్లో రాసి పారేశాను. ఫోటో తీసి పంపితే అంకెలు చదువుతుంది, అమ్మ చేతిరాతని చదవడానికి ఏ యంత్రానికైనా కష్టమేముంది, చదివి తేదీతో దాచుకుంటుంది, సరిచూస్తుంది. సరిచూడటం అన్నచోట నేను చేసింది ఇది: ఒక్కో అడ్డ వరసనీ కూడటం, నలభై అయిదు వస్తే సరి. అంతే. పైన ఒక లైను నాకు నేనే రాసుకున్నాను, ప్రస్తుతానికి ఇది చాలు, నిలువు వరసలూ చదరాలూ తరవాత, కూడిక తీసేసి అంకెలు విడివిడిగా చూడాలి, అని. మా వృత్తిలో అందరం రాస్తాం ఇలాంటివి. తరవాత అన్నది మా వృత్తిలో ఎప్పుడూ రాదు. ఆ రోజు అమ్మ పూర్తిచేసిన సుడోకు పంపింది, సరి అని వచ్చింది, అమ్మ చప్పట్లు కొట్టింది, నాన్న చక్రాల కుర్చీలోంచి "మా ఆవిడకి కంప్యూటరు కూడా మార్కులేస్తోంది" అన్నాడు, టీ వచ్చింది, నేను ల్యాప్‌టాప్ మూత మూసేశాను.

ఇందులో నవ్వాల్సిన సంగతి ఇంకోటుంది, నవ్వొస్తే. మా ఆఫీసులో ఉద్యోగానికి వచ్చేవాళ్ళకి నేనడిగే ప్రశ్న ఇదే. పూర్తయిన సుడోకు సరిగ్గా ఉందో లేదో చూసే కోడ్ రాయండి. ఆరేళ్ళుగా ఇదే అడుగుతున్నాను. మొత్తం నలభై అయిదు వస్తే చాలనేవాళ్ళు ప్రతిసారీ ఒకరిద్దరుంటారు, వాళ్ళ ముందు తెల్లబోర్డు మీద తొమ్మిది అయిదులు రాసి, "కూడండి" అంటాను, వాళ్ళు కూడతారు, నలభై అయిదు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది, నాకు లోపల్లోపల సరదాగా ఉంటుంది. ఒక్కో వరసకి ఒక ఖాళీ సంచి తీసుకోండి, అంకెని సంచిలో వేసేముందు అది అప్పటికే ఉందా అని చూడండి, ఉంటే తప్పు, అడ్డంగా తొమ్మిది సంచులు, నిలువుగా తొమ్మిది, చదరాలకి తొమ్మిది, మొత్తం ఇరవై ఏడు సంచులు, ఇదేమైనా బ్రహ్మవిద్యా అంటాను. వాళ్ళలో ఒకావిడ నాకన్నా పెద్దది, ఎక్కడో పని పోయి వచ్చింది, ఆవిడ బోర్డు వైపే చాలాసేపు చూసి "కంగారులో చేశానండీ" అంది. నేను ఆవిడని తీసుకోలేదు. కంగారులో చేసేవాళ్ళు మాకొద్దని కాగితం మీద రాశాను. ఆవిడ మొహం ఇప్పుడెందుకు గుర్తొస్తోందో, పక్కన కూర్చుంటే బాగుండును, నేనూ కంగారులో చేశానండీ అని చెప్పుకుందును.

అమ్మ కంగారులో ఏదీ చేసేది కాదు. ముప్పై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది, అందులోనూ అంకెల ప్రూఫులు, రైళ్ళ వేళల పుస్తకాలు, లెక్కల పట్టికలు, ఎవరూ చేయనని పారిపోయే పని. అంకెల్ని ముందు నుంచి వెనక్కి కాదు, వెనక నుంచి ముందుకి చదివేది, అలా చదివితే కన్ను తనంతట తాను ఊహించుకోదట, ఉన్నదే చూస్తుందట. మా చిన్నప్పుడు మార్కుల కాగితం ఇస్తే కూడా అలాగే, కింది నుంచి పైకి చదివి అప్పుడు సంతకం పెట్టేది. అన్నయ్య ఒకసారి మూడుని ఎనిమిది చేసి తెస్తే కాగితం వెలుతురుకి పట్టుకుని చూసి, ఏమీ అనకుండా, అంచులో ఎర్ర సిరాతో ప్రూఫు గుర్తు పెట్టి వాడికే తిరిగి ఇచ్చింది, వాడు రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. నాన్న లిఫ్టు మెకానిక్కు. "నేను చేసిన తప్పు ఎవరికీ కనపడకూడదు, మీ అమ్మకి కనపడని తప్పు ఉండకూడదు, ఎలా కుదిరిందో మా ఇద్దరికీ" అనేవాడు. పక్షవాతం వచ్చాక మాట ముద్దముద్దగా వచ్చేది కానీ వేళాకోళం మాత్రం పోలేదు. అమ్మ పెట్టిన మందు పెట్టినట్టు మింగేవాడు. అందులో ఏముందో ఎప్పుడూ చూడలేదు, ప్రూఫు చూసింది అమ్మ కదా, మళ్ళీ చూడటమెందుకు అనేవాడు. నాన్న గొంతు నాకు ఇప్పుడు వద్దు, ఇప్పుడు కాదు.

మధ్యలో కొన్నాళ్ళు తప్పు అని వచ్చింది. అదీ గుర్తుంది, గుర్తు లేదని ఎవరికి చెప్పను. వరసగా నాలుగైదు రోజులు ఎర్ర అక్షరాల్లో తప్పు, తప్పు, తప్పు, చూసి, సాఫ్ట్‌వేరులో ఏదో తేడా వచ్చుంటుందని అనుకున్నాను, అమ్మలో తేడా వచ్చిందని అనుకోలేదు. అప్పుడే ఫోను చేసింది. నేను మీటింగులో ఉన్నాను, ఎనిమిది మంది నా వైపే చూస్తున్నారు, గొంతు తగ్గించి ఏమిటమ్మా అన్నాను. "ఇది రోజూ తప్పంటోందే. అసలు ఏం చూస్తుందే ఇది?" అంది. ఆ గొంతులో ఒక వణుకుంది, ఇప్పుడు వినపడుతోంది, అప్పుడు వినపడలేదు. "ప్రతి అడ్డ వరసనీ కూడి చూడమ్మా, నలభై అయిదు రావాలి, అంతే అది చూసేది" అన్నాను. "అంతేనా?" అంది. "అంతే, ఉంటాను మరి" అన్నాను. మర్నాటి నుంచి సరి. ఆ తరవాత ఒక్కరోజు కూడా తప్పు రాలేదు. నేను సంతోషించాను కూడా. అమ్మ బుర్రలోంచి ఆట నియమం జారిపోతుంటే, చేతికి దొరికిన ఆఖరి అంచు పట్టుకుని నన్నడిగింది, నేను దాని బదులు ఇంకో నియమం చేతిలో పెట్టాను, అమ్మ దాన్ని అక్షరాలా పాటించింది, అంతే. కూడిక మాత్రం ఎముకల్లో ఉంది కదా, ముప్పై ఏళ్ళ కూడిక. ఎనిమిది, అయిదు, రెండు, ఇంకా ఎంత కావాలి, ఇక్కడో అయిదు వేస్తే సరిపోతుంది. ఏ గడిలో ఏది ఉండాలో తెలియకపోయినా మొత్తం సరిపోతుంది.

మాత్రలు. ఇందాకటి నుంచి నేను దీని చుట్టూ తిరుగుతున్నాను, దీని దగ్గరికి రావడం లేదు. నాన్నకి రక్తం పలచబడే మాత్ర, ఒకరోజు సగం, ఒకరోజు పూర్తి, వారానికి ఏడు అరలున్న ప్లాస్టిక్ డబ్బా, ప్రతి ఆదివారం అమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, సగాలు ఒక పక్క, పూర్తివి ఒక పక్క పెట్టుకుని డబ్బా సర్దేది. ఆర్నెల్ల కింద అన్నయ్య నర్సుని పెడదామన్నాడు, అమ్మకి వయసైంది, ఈ సగాలూ పూర్తులూ గుర్తు పెట్టుకోవడం కష్టం అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దూరాన కూర్చుని అన్నీ అనుమానాలే నీకు అని, వెంటనే ఆ నెల మొత్తం వరసగా వచ్చిన సరి, సరి, సరి అన్నీ ఫోటో తీసి పంపాను, కింద "నీ బుర్రకంటే బాగా పనిచేస్తోంది, నీకే నర్సుని పెడదాం" అని రాశాను. వాడు నవ్వుతున్న బొమ్మ పెట్టి ఊరుకున్నాడు. మాత్రల అట్ట ప్రతి నెలా సరిగ్గా అయిపోవాల్సిన రోజుకే అయిపోయేది. అది కూడా చూశాను నేను, ఒక్కటి ఎక్కువా లేదు, తక్కువా లేదు, అది చూసే ధీమాగా ఉన్నాను. వారం మొత్తం సరిపోతే, ఏ అరలో ఎన్ని పడ్డాయో ఎవరు చూశారు? ఒక అరలో మూడు పడి, ఇంకో అరలో ఏమీ పడకపోయినా మొత్తం సరిపోతుంది కదా. నాన్న మెదడులో రక్తస్రావమై పోయాడు. "ఈ మాత్ర వాడేవాళ్ళకి ఒక్కోసారి అవుతుందండీ" అన్నారు ఆ ఆసుపత్రిలో, మేం తలూపాం. ఏ డబ్బానీ ఎవరూ తెరిచి చూడలేదు. పదో రోజు ఇల్లు సర్దుతూ దాన్ని నేనే చెత్తలో వేశాను. మూత తీశానా? తీయలేదు.

ఇరవై ఏడు సంచులు రాయడానికి నాకు ఆరు నిమిషాలు పట్టింది. రెండేళ్ళుగా తరవాత, తరవాత అన్నది ఆరు నిమిషాల పని. దాచిన సుడోకులన్నిటినీ, ఆరువందల పైచిలుకు, తేదీల వారీగా కొత్త కోడ్‌లోకి పంపాను, వేలు ఆ మీట మీద పెట్టి కాసేపు అలాగే ఉన్నాను. నడవా చివర ఎవరో నేల తుడుస్తున్నారు, తడి నేల మీద అడుగు పెట్టవద్దన్న పసుపు బోర్డుని కాలితో జరుపుతూ తుడుస్తున్నారు. నొక్కాను. మొదట్లో అన్నీ సరి, ఎంత బాగున్నాయో, పది నెలలు ఒక్క తప్పు లేదు, అమ్మ అంటే అమ్మే. ఆ తరవాత ఒక మంగళవారం. ఆరో నిలువు వరసలో రెండు ఎనిమిదులు. ఆ తరవాత తొమ్మిది రోజులు మళ్ళీ సరి, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. ఆ వరస తప్పుల తరవాత, నేను మీటింగులో మాట్లాడిన రోజు తరవాత, కొత్త కోడ్ ప్రకారం ఒక్కటంటే ఒక్కటి సరి లేదు. అన్నయ్యకి పంపిన ఆ నెలలో ముప్పైకి ముప్పై తప్పు. ఆ మంగళవారం నుంచి ఇవాళ్టికి పదకొండు నెలలు. నాన్న పోయి మూడు నెలలు. తీసివేత నాకూ వచ్చు. ఎనిమిది నెలలు ఆ తెల్లగుడ్డ మీద ఆ మాత్రలు సర్దింది ఎవరో నాకు తెలియదు, అమ్మ అనుకున్నాను, అందరం అమ్మే అనుకున్నాం. ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది, చేతులకి ఏదో ఒక పని ఉండేది.

మాత్రల వల్లే పోయాడని ఎవరూ చెప్పలేరు, నాకు నేను ఇప్పటికి నాలుగుసార్లు చెప్పుకున్నాను. నిజమే, ఎవరూ చెప్పలేరు, చెప్పాల్సిన డబ్బా చెత్తలో పోయింది. కానీ పదకొండు అన్న మాట అమ్మ చెవిన పడిందంటే ఆవిడ కూడుతుంది, మిగతావన్నీ పోయినా కూడిక పోలేదు, ఎక్కడ తేలాలో అక్కడ తేలుతుంది. వద్దు. మూడు నెలలనే చెబుతాను. అందరూ అనుకున్నదే కదా, కొత్తగా నేనేం అబద్ధం పుట్టించడం లేదు. అమ్మకి ఇంకెన్నాళ్ళు జ్ఞాపకం ఉంటుందో, ఉన్నన్నాళ్ళూ ఇది ఒక్కటీ లేకుండా ఉండనీ. నేను మోస్తాను, రాసింది నేను కదా, నేను మోస్తాను. అన్నయ్య నుంచి మెసేజి వచ్చింది, అయిందా, ఏమన్నారు అని. ఇంకా లేదు అని రాశాను. ఎర్రదీపం ఆరింది.

లోపల అమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది, అలిసిపోయి, జుట్టు చెదిరి, నన్ను చూడగానే చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను. డాక్టరుగారు కాగితాలు తిరగేస్తూ, "కూడికలూ తీసివేతలూ నాకంటే వేగంగా చేశారండీ మీ అమ్మగారు. మిగతావే బాగా దెబ్బతిన్నాయి" అని, నా వైపు చూసి, "చెప్పండి, ఎప్పటి నుంచి?" అన్నారు.

"మూడు నెలలండీ. నాన్న పోయినప్పటి నుంచి."

"అంతకుముందు ఏమీ లేదా? బాగా ఆలోచించారా?"

"ఏమీ లేదండీ."

కలం కాగితం మీద ఆగింది. "మూడు నెలల్లోనే ఇంత దూరం వచ్చిందంటే ఇది మామూలు మతిమరుపు కాదు. మెదడులో వాపో, ఇంకేదైనా చెడ్డదో అయి ఉండాలి, ఆలస్యం చేయకూడదు. ఇవాళే చేర్చుకుంటాం. వెన్నులో సూది వేసి నీరు తీసి చూడాలి, ఒక్కసారితో కాకపోవచ్చు కూడా. కదలకుండా పడుకోబెట్టాలి, నలుగురు పట్టుకోవాల్సి వస్తుంది." అమ్మ చెయ్యి నా చేతిలో చల్లబడింది. "నేను ఇంటికెళ్తాను" అంది, డాక్టరుగారితో కాదు, నాతో, చాలా మెల్లిగా. "నువ్వు తీసుకెళ్తానన్నావు కదా."

ఏదో ఒక మార్గం ఉంటుందని వెతికాను, అమ్మని బయటికి పంపి చెబుదామని, కాగితం మీద రాసి చూపిద్దామని, కానీ అమ్మ నా చెయ్యి వదలడం లేదు, డాక్టరుగారు అప్పటికే ఫోను ఎత్తి మంచం ఖాళీ ఉందా అని అడుగుతున్నారు.

"డాక్టరుగారూ, మూడు కాదండీ" అన్నాను. "పదకొండు. పదకొండు నెలలు. నా దగ్గర తేదీలున్నాయి."

ఆయన ఫోను కింద పెట్టి, నన్ను ఒక్క క్షణం చూసి, మూడు కొట్టేసి పదకొండు వేశారు. "ముందే చెప్పొద్దా అండీ. అయితే సూది అవసరం లేదు. నెమ్మదిగా వచ్చేదే ఇది, మందులతో చూద్దాం." అమ్మ ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. అమ్మ వేళ్ళ వైపు చూసుకుంటోంది. బొటనవేలు ఒక్కో కణుపు మీదికీ వెళ్తోంది, చివరి నుంచి మొదటికి, వెనక నుంచి ముందుకి.

"పదకొండు నెలల కింద మీ నాన్న ఉన్నారు కదే" అంది.

"ఉన్నాడమ్మా."

"మాత్రల డబ్బా నేనే కదూ సర్దేదాన్ని."

"కాదమ్మా" అన్నాను. "నువ్వు కాదు. నేను సర్దేదాన్ని, ఆదివారాలు వచ్చినప్పుడు."

అమ్మ నా మొహం చాలాసేపు చూసింది, ఎక్కడో వెతుక్కుంటున్నట్టు, తెల్లగుడ్డనీ సగం మాత్రలనీ నా చేతుల్నీ ఒకచోట పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నట్టు. తరవాత నమ్మింది. నమ్మడం నాకు స్పష్టంగా కనిపించింది, కనుబొమలు సర్దుకుని, వెన్ను నిటారై, మళ్ళీ ఆ పాత అచ్చాఫీసు మనిషి నా ఎదురుగా కూర్చుంది.

"మరి సరిచూశావా?" అంది.

ఒక్క అబద్ధం ఆడాను కదా, ఇంకోటి ఎందుకు నోట్లోంచి రాలేదో తెలియదు. "లేదమ్మా" అన్నాను, "చూడలేదు."

అమ్మ నా చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది.